ఎలక్ట్రానిక్ గేర్లకి పెట్టే అదనపు డబ్బు దేనికి పోతోంది? అసలు సంగతి కేబుల్‌లో ఉంది

కొత్త రోడ్ బైక్ చూస్తూ బడ్జెట్ రెండు లక్షలు దాటాక చాలామంది ఒకే చోట ఆగిపోతారు. అదే ఫ్రేమ్, అవే వీల్స్, అదే హ్యాండిల్‌బార్, కానీ ఒకదాంట్లో షిమానో కంపెనీ 105 అనే గేర్ సెట్ కేబుల్‌తో, రెండోదాంట్లో 105 డీఐ2, అంటే మోటారూ బ్యాటరీ ఉన్న ఎలక్ట్రానిక్ గేర్లు. రెండింటికీ మధ్య రేటు తేడాతోనే ఒక మామూలు ఎంట్రీ లెవెల్ రోడ్ బైక్ వచ్చేస్తుంది. అక్కడ మొదలవుతుంది చర్చ, ఒకసారి ఎలక్ట్రానిక్ అలవాటైతే మళ్లీ కేబుల్ వైపు చూడరు అని ఒకళ్లు, సైకిల్‌కి కూడా ఛార్జింగ్ ఏంటి దండగ అని ఇంకొకళ్లు. ఇద్దరూ ఎక్కువగా మాట్లాడేది గేర్ ఎంత త్వరగా పడుతుంది అన్న దాని గురించే. కానీ ఆ స్పీడ్ దగ్గర వెతికితే ఈ డబ్బుకి జవాబు దొరకదు, కొత్త కేబుల్ వేసి సరిగ్గా సెట్ చేసిన 105 కూడా వేలు కదిపినంత సేపట్లో గేర్ మార్చేస్తుంది, పక్కపక్కన తొక్కుతున్న ఇద్దరిలో ఆ తేడా వల్ల ఎవరూ ముందుకి వెళ్లిపోరు. ఆ మాటలో "కొత్త కేబుల్", "సరిగ్గా సెట్ చేసిన" అనే రెండు ముక్కలున్నాయి చూడండి, ఎలక్ట్రానిక్‌కి పెట్టే డబ్బంతా ఆ రెండింటి బెంగ లేకుండా ఉండటానికే.

కేబుల్ గేర్ పనిచేసే తీరు చాలా సింపుల్. బ్రేక్ లివర్‌లోనే ఉన్న షిఫ్టర్‌ని పక్కకి తోస్తే అది 1.2 మిల్లీమీటర్ల సన్నటి స్టీల్ కేబుల్‌ని లెక్క ప్రకారం కొంచెం లాగుతుంది, ఆ కేబుల్ బార్ టేప్ కిందనుంచి, ఫ్రేమ్ లోపలనుంచి, వెనక చక్రం దాకా పోయి చైన్‌ని పక్కకి జరిపే డిరైలర్‌ని లాగితే చైన్ పెద్ద కాగ్, అంటే పెద్ద పళ్ల చక్రం మీదకి ఎక్కుతుంది. తిరిగి చిన్న కాగ్ మీదకి రావాలంటే చేత్తో లాగేదేం ఉండదు, షిఫ్టర్ కేబుల్‌ని వదిలేస్తుంది, డిరైలర్‌లో ఉన్న స్ప్రింగే దాన్ని వెనక్కి లాక్కోవాలి. ఇబ్బంది ఇక్కడే. కేబుల్ మీదుండే గొట్టం, అంటే ఔటర్ లోపల దుమ్ము, చెమట, నీళ్లు చేరి కేబుల్ కొంచెం పట్టేసిందంటే చెయ్యి బలంతో లాగే వైపు గేర్ బాగానే పడుతుంది, పాపం స్ప్రింగ్‌కి అంత బలం ఉండదు కాబట్టి ఆ వైపు మాత్రం లేటవుతుంది, క్లిక్ చేసిన కాసేపటికి టక్కుమని పడుతుంది లేదంటే రెండు కాగ్‌ల మధ్య కరకరలాడుతూ ఉంటుంది. అప్పుడు చాలామంది కేబుల్ బిగువు సరిచేసే బ్యారెల్ అడ్జస్టర్ తిప్పుతారు, ఒకవైపు బాగుపడితే రెండోవైపు చెడుతుంది, మళ్లీ తిప్పుతారు, చివరికి డిరైలర్ పోయిందనుకుంటారు. చాలాసార్లు మార్చాల్సింది కేబులూ ఔటరే, అయ్యే ఖర్చు వందల్లోనే.

మరి ఇన్నాళ్లూ లేని ఈ గోల ఇప్పుడే ఎందుకు ఎక్కువైంది అంటే రెండు కారణాలు. మొదటిది కాగ్‌ల మధ్య దూరం. 8 స్పీడ్, అంటే వెనక ఎనిమిది కాగ్‌ల గుత్తి ఉన్న క్యాసెట్‌లో ఒక కాగ్ నుంచి పక్క కాగ్‌కి 4.8 మిల్లీమీటర్లు, 10 స్పీడ్‌కి వచ్చేసరికి 3.95, 11 స్పీడ్‌లో 3.74, 12 స్పీడ్‌లో ఇంకా తగ్గి మూడున్నర దగ్గరికి వచ్చేసింది. వెనక చక్రం దగ్గరున్న చోటు పెద్దగా పెరగలేదు, కాగ్‌లు మాత్రం పెరుగుతూ పోయాయి. కేబుల్ పావు మిల్లీమీటర్ సాగినా షిమానో చౌక సెట్ అయిన 8 స్పీడ్ క్లారిస్‌లో తెలీదు, 12 స్పీడ్‌లో అదే పావు మిల్లీమీటర్ చప్పుడై వినిపిస్తుంది. అందుకే పాత క్లారిస్ బండి ఏళ్ల తరబడి షాపు మొహం చూడకపోయినా నడిచిపోతుంది, లక్షలు పోసి కొన్న కేబుల్ బండికి మాత్రం తరచూ ట్యూనింగ్ కావాల్సి వస్తుంది.

రెండో కారణం ఫ్రేమ్ డిజైన్. ఒకప్పుడు కేబుల్ బైట నుంచే పోయేది, కనపడేది, చెడితే పది నిమిషాల్లో మార్చేసేవాళ్లు. ఇప్పుడొచ్చే ఏరో ఫ్రేమ్‌లలో హ్యాండిల్‌బార్ నుంచి కేబుల్స్ అన్నీ స్టెమ్ కిందనుంచో లోపలనుంచో వెళ్లి హ్యాండిల్ తిరిగే చోటుండే హెడ్‌సెట్ బేరింగ్ మధ్యలోంచి ఫ్రేమ్‌లోకి దిగుతాయి. బైటికి ఒక్క వైరు కూడా కనపడదు, చూడటానికి చాలా బాగుంటుంది, కాదనలేం. కానీ కేబుల్‌కి మలుపు అంటేనే పడదు, ఒక్కో మలుపుకీ రాపిడి పెరుగుతుంది, ఈ ఫ్రేముల్లో అది హ్యాండిల్‌బార్ దాటకముందే రెండు మూడు గట్టి మలుపులు తిరుగుతుంది. పైగా మార్చాలంటే సగం బండి విప్పాలి, కేబుల్ ఖర్చు వందల్లో ఉంటే కూలి ఖర్చు దానికి ఎన్నో రెట్లు. షిమానో 11 స్పీడ్ షిఫ్టర్లలో ఇంకో జబ్బు కూడా ఉంది, కేబుల్ తల దగ్గర పోగులు ఒక్కొక్కటే తెగుతూ వచ్చి ఒకరోజు దారి మధ్యలో మొత్తం తెగిపోతుంది, తెగిన ముక్క షిఫ్టర్ లోపలే ఇరుక్కుంటే తీయడం పెద్ద పని. ఇది వాడేవాళ్లందరికీ తెలిసిన విషయమే, అందుకే ఎక్కువ తొక్కేవాళ్లు చెడినా చెడకపోయినా ఏడాదికోసారి కేబుల్ మార్చేస్తుంటారు.

ఇక్కడో మాట. ఎలక్ట్రానిక్ పెట్టుకుంటే హెడ్‌సెట్ బాధ పూర్తిగా పోతుందని కొంతమంది అనుకుంటారు, పోదు. డిస్క్ బ్రేక్ హైడ్రాలిక్ పైపులు అదే దారిలో వెళ్తాయి కదా, పై బేరింగ్ మార్చాలంటే అప్పుడూ పైపు విప్పాలి, బ్లీడ్ చేయాలి, అంటే పైపులోని గాలి తీసి ఆయిల్ నింపాలి. తగ్గేది గేర్ కేబుల్ రాపిడి మాత్రమే.

కేబుల్ బదులు కరెంటు అన్న ఆలోచన ఇప్పటిది కాదు. ఫ్రాన్స్‌కి చెందిన మావిక్ కంపెనీ 1990ల మొదట్లోనే జాప్ అని ఒక ఎలక్ట్రానిక్ సిస్టమ్ తెచ్చింది, ప్రొఫెషనల్ రేసుల్లో కూడా వాడారు, తర్వాత 1999లో మెక్‌ట్రానిక్ అని వైర్‌లెస్‌ది కూడా తెచ్చింది. రెండూ నిలబడలేదు, అప్పట్లో వాటిని నమ్మి బండి ఎక్కే పరిస్థితి లేదు. 2009లో షిమానో పై మెట్టు సెట్ డ్యూరా-ఏస్‌కి డీఐ2 వచ్చాకే ఇది నిజంగా నమ్మదగ్గ వస్తువైంది, 2011లో దాని కింది మెట్టు అల్టెగ్రాకి దిగింది, అదే ఏడాది కాంపాగ్నోలో కంపెనీ ఈపీఎస్ కూడా వచ్చింది, 2015లో స్రామ్ కంపెనీ రెడ్ ఈట్యాప్‌తో అసలు వైర్లే లేకుండా చేసింది. తర్వాత రేటు మెట్లు దిగుతూ వచ్చింది, 2021లో స్రామ్ రైవల్, 2022లో 105 డీఐ2, 2023లో స్రామ్ ఏపెక్స్.

ఇందులో చాలామంది గమనించని ఏడాది 2021. ఆ ఏడాది డ్యూరా-ఏస్, అల్టెగ్రా 12 స్పీడ్‌కి మారినప్పుడు షిమానో వాటిలో కేబుల్ వెర్షన్ చేయడమే మానేసింది. మరుసటి ఏడాది 105 డీఐ2 కూడా ఒంటరిగానే వచ్చింది, ఇక కేబుల్ 12 స్పీడ్ ఉండదేమో అనుకుంటుండగా 2023లో 105 కేబుల్ వెర్షన్ తిరిగి తెచ్చారు. అంటే ఇప్పుడు షిమానో రోడ్ బైక్‌లో కేబులా ఎలక్ట్రానిక్కా అని ఆలోచించుకునే వీలు ఒక్క 105 దగ్గరే మిగిలింది, పైన ఎలక్ట్రానిక్ మాత్రమే, కింద టియాగ్రా, సోరా, క్లారిస్ దగ్గర కేబుల్ మాత్రమే. కాబట్టి చర్చంతా నిజానికి ఈ ఒక్క మెట్టు మీదే నడుస్తోంది.

ఇప్పుడు మోటారు ఏం చేస్తుందో చూద్దాం. ఎలక్ట్రానిక్‌లో షిఫ్టర్ అంటే ఒట్టి స్విచ్, అసలు పని డిరైలర్‌లో ఉన్న చిన్న మోటారు చేస్తుంది. ప్రతి కాగ్‌కీ డిరైలర్ ఎక్కడ నిలబడాలో ముందే లెక్క పెట్టుకుని ఉంటుంది, నొక్కగానే సరిగ్గా అక్కడికే వెళ్తుంది, పైకైనా కిందికైనా మోటారే తోస్తుంది కాబట్టి స్ప్రింగ్ వైపు లేటవ్వడం అనేదే లేదు. ఒకసారి సెట్ చేశాక వందో కిలోమీటర్ దగ్గర ఎలా పడిందో ఐదు వేల కిలోమీటర్ల దగ్గరా అలాగే పడుతుంది, నల్లేరు మీద బండి నడకలాగా. సాగే కేబుల్ లేదు, పట్టేసే ఔటర్ లేదు.

వెనక గేర్ల కన్నా ముందు గేర్ల దగ్గర తేడా బాగా తెలుస్తుంది. ముందు, పెడల్స్ దగ్గరుండే పళ్ల చక్రాల్లో, చిన్న చైన్‌రింగ్ నుంచి పెద్దదాని మీదకి చైన్ ఎక్కించడం కేబుల్ బండిలో ఎడమ చేతికి గట్టి పనే, లివర్ దూరం తోయాలి, తొక్కుడు కొంచెం తగ్గించాలి, లేదంటే చైన్ ఎక్కకుండా గీసుకుంటూ ఉంటుంది. చాలామంది ఈ బాధకే ముందు గేర్ మార్చడం మానేసి చైన్ అడ్డంగా పెట్టుకుని తొక్కేస్తుంటారు. మోటారుకి ఆ మొహమాటం లేదు, ఎత్తు ఎక్కుతూ కాళ్ల మీద బరువున్నా తోసేస్తుంది. ఇంకోటి ట్రిమ్, వెనక గేర్ మారిన కొద్దీ చైన్ కోణం మారి ముందు డిరైలర్ పంజరానికి రాసుకుంటుంది, కేబుల్ బండిలో దానికి సగం క్లిక్ విడిగా వేసుకోవాలి, డీఐ2 తనంతట తానే కొంచెం జరుగుతుంది. సింక్రో అని ఇంకో సదుపాయం ఉంది, అది ఆన్ చేస్తే వెనక గేర్లు ఒక దాటు దాటాక ముందు గేర్ కూడా తనే మార్చేస్తుంది, కొత్తవాళ్లకి ముందు వెనక లెక్కలు అర్థమయ్యేలోపు ఇది బాగా పనికొస్తుంది. స్రామ్‌ది ఇంకా తేలిక, కుడి చెయ్యి నొక్కితే గట్టి గేర్, ఎడమ చెయ్యి నొక్కితే తేలిక గేర్, రెండూ కలిపి నొక్కితే ముందు చైన్‌రింగ్ మారుతుంది, చిన్నపిల్లలకైనా ఒక్కసారి చెబితే చాలు.

చేతుల విషయం చర్చల్లో ఎందుకో వెనక్కి పోతుంది, కానీ కొందరికి అసలు కారణం ఇదే. టైమ్ లిమిట్‌లో పూర్తి చేయాల్సిన 400, 600 కిలోమీటర్ల బ్రెవే రైడ్‌లు చేసేవాళ్లకి రెండో రోజుకి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అరచేతిలో నరం నొక్కుకుపోయి చిటికెన వేలు, ఉంగరం వేలు బలం లేకుండా అయిపోతాయి, అప్పుడు ఆ ఎడమ లివర్ తోయడం నిజంగా కష్టం. చిన్న చేతులు ఉన్నవాళ్లకి, కీళ్లనొప్పులు ఉన్నవాళ్లకి, వేలికి దెబ్బ తగిలి సర్జరీ అయినవాళ్లకి స్విచ్ నొక్కడానికీ లివర్ తోయడానికీ మధ్య ఉన్న తేడా సైకిల్ తొక్కగలగడానికీ మానేయడానికీ మధ్య ఉన్న తేడా అయిపోవచ్చు. అలాంటివాళ్లు దండగ ఖర్చేమో అని ఆలోచించాల్సిన పనే లేదు, తీసుకోవడమే. ట్రయాథ్లాన్ చేసేవాళ్లది కూడా ఇదే కథ, గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి వెళ్లేవాళ్లు ముందుకి చాచి ఉండే ఏరో బార్ మీద వాలి తొక్కుతుంటారు, కేబుల్ బండిలో గేర్ ఆ బార్ చివర ఒక్కచోటే ఉంటుంది, బ్రేక్ పట్టుకుని మలుపు తిరిగేటప్పుడు గేర్ మార్చాలంటే చెయ్యి తీసి ముందుకి చాపాలి. ఎలక్ట్రానిక్‌లో రెండు చోట్లా బటన్ పెట్టుకోవచ్చు. టైమ్ ట్రయల్ బండికి ఎలక్ట్రానిక్ వద్దనడానికి డబ్బు తప్ప వేరే కారణం కనపడదు.

ఇక మారనివి ఏమిటో కూడా అంతే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేటప్పుడు ఇవి ఎవరూ చెప్పరు. గేర్ రేషియో మారదు. ముందు 34, వెనక 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక చుట్టు, అంటే 28 మిల్లీమీటర్ల టైరుతో 2.1 మీటర్ల చిల్లర, నిమిషానికి 70 చుట్ల చొప్పున తొక్కితే గంటకి 9 కిలోమీటర్లు. అనంతగిరి ఎక్కినా అరకు ఘాట్ ఎక్కినా లెక్క ఇదే, దాన్ని లాగాల్సింది కాళ్లే, బ్యాటరీ కాదు. ఎత్తు ఎక్కలేక ఇబ్బంది పడుతున్నవాళ్లకి పెద్ద క్యాసెట్ చేసే మేలులో పదో వంతు కూడా డీఐ2 చేయదు, 105లో 11-36 క్యాసెట్ కేబుల్‌కీ ఉంది, డీఐ2కీ ఉంది. బరువు దాదాపు ఒకటే. చైన్ అరుగుదల, క్యాసెట్ అరుగుదల ఒకటే. హ్యాంగర్, అంటే డిరైలర్ బిగించే ఆ చిన్న అల్యూమినియం ముక్క, బండి కుడివైపు పడితే వంగుతుంది, అది వంగితే ఎంత ఖరీదైన మోటారైనా తప్పు చోటుకే కచ్చితంగా వెళ్తుంది. ఎలక్ట్రానిక్ కొన్నాక కూడా గేర్లు సరిగ్గా పడట్లేదంటే యాప్‌లో అడ్జస్ట్‌మెంట్లు కెలికేముందు హ్యాంగర్ చూపించుకోవాలి.

బ్యాటరీ భయం చాలావరకు అనవసరం. 12 స్పీడ్ డీఐ2 ఒక్క ఛార్జ్‌తో 1000 కిలోమీటర్ల దాకా వస్తుంది, వారానికి 150 తొక్కేవాళ్లకి నెలన్నరకోసారి. స్రామ్‌లో ఒక్కో డిరైలర్‌కీ అగ్గిపెట్టె కన్నా చిన్న బ్యాటరీ విడిగా ఉంటుంది, 60 గంటల తొక్కుడుకి సరిపోతుంది, గంటలో ఛార్జ్ అవుతుంది. 600 కిలోమీటర్ల బ్రెవేకి టైమ్ లిమిట్ 40 గంటలు కాబట్టి ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరితే దానికి దిగుల్లేదు. పారిస్-బ్రెస్ట్-పారిస్ లాంటి 1200 కిలోమీటర్లు, 90 గంటల లిమిట్ ఉన్న రైడ్ అయితే లెక్క వేరు, అప్పుడు స్రామ్ వాళ్లు ఒక బ్యాటరీ ఎక్స్‌ట్రా జేబులో వేసుకుంటారు, షిమానో వాళ్లు దారిలో చెక్ చేసే చోట, అంటే పడుకునే కంట్రోల్ దగ్గర పవర్ బ్యాంక్‌తో ఎక్కిస్తారు. అసలు ప్రమాదం బ్యాటరీ చిన్నదవడం వల్ల రాదు, మర్చిపోవడం వల్ల వస్తుంది. రోజూ ఛార్జ్ చేసే ఫోన్‌ని ఎవరూ మర్చిపోరు, నెలన్నరకోసారి చేసేదాన్ని మర్చిపోతారు. డీఐ2 బ్యాటరీ అయిపోయే ముందు ఒక హెచ్చరిక ఇస్తుంది, మొదట ముందు గేర్ పనిచేయడం మానేస్తుంది, కొంత దూరం తర్వాత వెనకది కూడా ఉన్నచోటే ఆగిపోతుంది. ముందు గేర్ ఉన్నట్టుండి మారట్లేదంటే రిపేర్ అనుకోకుండా ఇంటి దారి పట్టాలి, వెనకది ఆగేలోపు తేలిక గేర్‌లో పెట్టుకుని. స్రామ్‌లో అయితే వెనక బ్యాటరీ అయిపోతే ముందుది తీసి వెనక పెట్టుకోవచ్చు, ఇది చాలా మంచి ఏర్పాటు.

కారు వెనక స్టాండ్ మీద సైకిల్ కట్టుకుని వికారాబాద్ దాకా పోయి అక్కడ తొక్కేవాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోవాలి, స్రామ్ డిరైలర్లలో కదలికని పసిగట్టే సెన్సార్ ఉంటుంది, కారు కుదుపులకి బండి నడుస్తోందనుకుని మేలుకునే ఉంటుంది, తీరా దిగేసరికి ఛార్జ్ తగ్గి ఉంటుంది. బ్యాటరీలు తీసి పక్కన పెట్టేస్తే సరి. షిఫ్టర్లలో ఉండే బిళ్ల బ్యాటరీల సంగతి, స్రామ్‌లో సీఆర్2032, అది ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది, షిమానో 12 స్పీడ్‌లో సీఆర్1632, అది ఊళ్లలో అంత తేలిగ్గా దొరకదు. ఏడాదికి పైగానే వస్తుంది కాబట్టి ఎప్పుడు మార్చారో గుర్తుండదు, రెండు బిళ్లలు టూల్ బ్యాగ్‌లో పడేసుకుంటే బరువేం కాదు.

వాతావరణం వైపు నుంచి చూస్తే ఎలక్ట్రానిక్‌కి మన దగ్గర మార్కులు కొంచెం ఎక్కువే పడతాయి. విశాఖ బీచ్ రోడ్డు మీద రోజూ తొక్కే బండిని గమనిస్తే ఉప్పుగాలి ఏం చేస్తుందో తెలుస్తుంది, బోల్టు తలలు, ఔటర్ చివర క్యాపులు, లోపల కేబుల్, అన్నీ ఒక్క వర్షాకాలంలోనే ముసలివైపోతాయి. హైదరాబాద్‌లో ఉప్పు లేదు కానీ కన్‌స్ట్రక్షన్ దుమ్ము ఉంది, దానికి చెమట తోడైతే బార్ టేప్ కింద ఔటర్‌లో ముద్దలా తయారవుతుంది. చలి దేశాల్లో బ్యాటరీ చలికి నీరసపడుతుందని బాధపడతారు, మనకి ఆ బాధ లేదు. అలాగని నీళ్లతో ఇష్టం వచ్చినట్టు ఆడుకోకూడదు, సర్వీసింగ్ షాపులో బైకులు కడిగే ప్రెషర్ వాటర్‌తో డిరైలర్ మీద దగ్గర్నుంచి కొట్టించడం, ఛార్జింగ్ పోర్ట్ రబ్బరు మూత సరిగ్గా మూయకపోవడం, ఈ రెండూ చేయకపోతే వాన గురించి బెంగ అక్కర్లేదు.

రిపేర్ దగ్గరికి వస్తే త్రాసు కేబుల్ వైపు మొగ్గుతుంది, ఇందులో దాచడానికేం లేదు. కేబుల్ తెగితే ఏ జిల్లా కేంద్రంలోనైనా ఒక మంచి సైకిల్ మెకానిక్ ఏదో ఒకటి చేసి పంపిస్తాడు, ఏమీ దొరక్కపోయినా లిమిట్ స్క్రూ తిప్పి చైన్‌ని కొంచెం తేలికైన కాగ్‌లో కూర్చోబెట్టుకుని ఇంటికి చేరొచ్చు. ఎలక్ట్రానిక్ డిరైలర్ కింద పడి పగిలితే మాత్రం దారిలో చేసేదేం ఉండదు, షాపుకి తీసుకెళ్తే పార్ట్ స్టాక్ లేదంటారు, తెప్పించడానికి వారాలు పట్టొచ్చు, ఖర్చు కేబుల్ డిరైలర్‌కి అయ్యేదాని కన్నా చాలా రెట్లు. చిన్న దెబ్బలకి డీఐ2లో ఒక రక్షణ ఉంది, పడ్డప్పుడు మోటారు లింకు వదిలేసి తర్వాత రీసెట్ అవుతుంది, అన్ని పడిపోవడాలకీ అది చాలదు. గ్రూప్ రైడ్‌లలో, రేసుల్లో తరచూ పడే అవకాశం ఉన్నవాళ్లు కొనేటప్పుడే ఈ ఖర్చు లెక్కలో వేసుకోవాలి, లేకపోతే తర్వాత తడిసి మోపెడవుతుంది.

వైర్‌లెస్ కదా, హ్యాక్ చేస్తారా అని కూడా అడుగుతుంటారు. 2024 ఆగస్టులో అమెరికాలో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు చేసి చూపించారు, షిఫ్టర్ పంపే సిగ్నల్‌ని రికార్డు చేసుకుని, తర్వాత దాన్నే తిరిగి పంపి 10 మీటర్ల దూరం నుంచి వేరేవాళ్ల డీఐ2 గేర్లు మార్చగలిగారు. షిమానో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చింది. పోటీలో గెలుపోటములు ఉన్న ప్రొఫెషనల్స్‌కి అది ఆలోచించాల్సిన విషయం, ఉదయాన్నే హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ రూఫ్ ఉన్న సైకిల్ ట్రాక్ మీద తొక్కేవాళ్లకి అప్‌డేట్ వేసుకుంటే చాలు. అయితే దీంట్లోంచి ఇంకో ప్రశ్న వస్తుంది, గేర్ల ఆరోగ్యం ఇప్పుడు ఒక ఫోన్ యాప్ మీద కూడా ఆధారపడింది, పదేళ్ల తర్వాత ఆ యాప్ అప్పటి ఫోన్లలో ఈ పాత సిస్టమ్‌ని పలకరిస్తుందా అని. కేబుల్ బండికి ఈ ప్రశ్నే లేదు, ఇరవై ఏళ్ల నాటి డిరైలర్‌కి ఈరోజు కొన్న కేబుల్ పడుతుంది. బండిని పదిహేనేళ్లు ఉంచుకునే అలవాటున్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మరి ఎవరు తీసుకోవాలి? కొత్త బండి, 12 స్పీడ్, కేబుల్స్ హెడ్‌సెట్ లోంచి పోయే ఫ్రేమ్, వారానికి 150, 200 కిలోమీటర్లు తొక్కే అలవాటు, ఇవన్నీ ఉన్నప్పుడు 105 డీఐ2కో రైవల్‌కో అదనంగా పెట్టే డబ్బు వృథా కాదు, ఆ ఫ్రేమ్‌లో కేబుల్ ఎప్పుడూ మనసారా పనిచేయదు, దాన్ని బాగు చేయించుకుంటూ ఉండే కూలీ తలనొప్పీ కలిపితే కొన్నేళ్లలో తేడాలో కొంత తీరిపోతుంది. కానీ అప్పు చేసి, లేదా మిగతావన్నీ తగ్గించుకుని మరీ తీసుకోవాల్సిన వస్తువు మాత్రం కాదు. ఒక మంచి బైక్ ఫిట్, అంటే బండిని ఒంటి కొలతలకి సెట్ చేయించుకోవడం, కంపెనీ ఇచ్చిన గట్టి టైర్లు తీసేసి వేసుకునే ఒక జత మంచి టైర్లు, ఈ రెండూ ఆ డబ్బులో చిన్న భాగానికే వస్తాయి, టైర్ల వల్ల తగ్గే కష్టం కాళ్లకి మొదటి రోజే తెలుస్తుంది, గేర్ వల్ల ఒక్క వాట్ కూడా మిగలదు. కేబుల్స్ బైటనుంచి పోయే అల్యూమినియం బండి ఉండి, సోరానో టియాగ్రానో ఉండి, గేర్లు బాగానే పడుతుంటే ఎలక్ట్రానిక్ గురించి అసలు ఆలోచించనక్కర్లేదు, ఏడాదికోసారి మంచి కేబులూ ఔటరూ వేయించి, చైన్ శుభ్రంగా ఉంచుకుంటే ఆ బండికి లోటేం లేదు.

ఉన్న బండికి ఎలక్ట్రానిక్ బిగించుకోవాలనే కోరిక చాలామందికి వస్తుంది, ఇక్కడే చేతి చమురు ఎక్కువ వదిలేది. రెండు డిరైలర్లు, రెండు షిఫ్టర్లు, బ్యాటరీ, ఛార్జర్ కొనాలి, 11 స్పీడ్ నుంచి 12కి మారితే క్యాసెట్, చైన్ కూడా, హైడ్రాలిక్ బ్రేక్ ఉంటే లివర్లు మారాయి కాబట్టి మళ్లీ బ్లీడింగ్. షిమానో 12 స్పీడ్ రోడ్ క్యాసెట్ పాత 11 స్పీడ్ ఫ్రీహబ్, అంటే చక్రంలో క్యాసెట్ బిగించే భాగం మీద కూర్చుంటుంది, అంతవరకు నయం, స్రామ్‌లో 10 పళ్ల చిన్న కాగ్‌తో వచ్చే క్యాసెట్ కావాలంటే ఎక్స్‌డీఆర్ అనే రకం ఫ్రీహబ్ ఉండాలి, చక్రం దానికి ఒప్పుకోకపోతే కొత్త చక్రం. అన్నీ కూడితే ఆ బండి వెలకి దగ్గరికో, దాన్ని దాటో పోతుంది, అంతకన్నా పాతది అమ్మేసి ఎలక్ట్రానిక్‌తోనే వచ్చే బండి కొనడం లాభం. వీల్‌టాప్, ఎల్-ట్వూ లాంటి చైనా కంపెనీలు తక్కువ రేటుకి వైర్‌లెస్ సెట్లు చేస్తున్నాయి, వీల్‌టాప్‌ది యాప్‌లో కాగ్‌ల సంఖ్య మార్చుకుని పాత క్యాసెట్‌తోనే వాడుకోవచ్చు కూడా, బండి పని సొంతంగా చేసుకోగలిగి, ఒక నెల బండి ఆగిపోయినా పర్లేదు అనుకునేవాళ్లకి ఇది ఆసక్తికరమైన దారి, సర్వీస్ కోసం షాపు మీద ఆధారపడేవాళ్లకి కాదు.

సెకండ్ హ్యాండ్‌లో పాత 11 స్పీడ్ అల్టెగ్రా డీఐ2 బళ్లు ఇప్పుడు మంచి రేటుకే కనపడుతున్నాయి, కేబుల్ 105 కొత్త బండి డబ్బుకే రావచ్చు. అవి చెడ్డవేం కాదు, కానీ వాటిలో షిఫ్టర్ల నుంచి కూడా వైర్లే, బ్యాటరీ చాలావాటిలో సీట్‌పోస్ట్ లోపల ఉంటుంది, అది ఎన్నేళ్లదో అడగాలి. చూడటానికి వెళ్లినప్పుడు స్టాండ్ మీద గేర్లు మార్చి చూసి వచ్చేయకుండా ఒక ఎత్తు రోడ్డు మీదకి తీసుకెళ్లి బరువు మీద ముందు గేర్ పది సార్లు మార్చి చూడాలి, వైర్ జాయింట్ ఎక్కడైనా వదులైతే అక్కడే బైటపడుతుంది. ఛార్జర్ కూడా ఇస్తున్నారా లేదా తప్పకుండా అడగాలి, 11 స్పీడ్ డీఐ2 ఛార్జర్ వేరు, వెనక డిరైలర్‌కి గుచ్చే 12 స్పీడ్ కేబుల్ వేరు, ఒకదానికొకటి పనికిరావు.